చరించునదియే జంగమము

దేహమే దేవాలయమని బసవేశ్వరుల బోధ. ఆ ఆలయమునకు కాళ్ళు స్తంభములైనచో, స్తంభమొకటి కూలిననాడు ఆలయము పాడుపడినట్లేనా? ప్రమాదమున కాలు పోగొట్టుకొన్నవాని ఇంట ఈ ప్రశ్న నిత్యము నిట్టూర్పై వినిపించును. కదలక నిలిచిన కట్టడము కంటె చరించు చైతన్యమే శాశ్వతమని బసవన్న మతము. సమాధానము అందే గలదు.

హైదరాబాదు వాస్తవ్యుడగు ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదమున కాలు కోల్పోయెను. ఐనను సైకిలు త్రొక్కి, 2013లో ఆసియా పారా సైక్లింగు పోటీలలో రెండు రజత పతకములు గడించెను. అంతటితో తృప్తి చెందక, తనవంటి వారికి శిక్షణ నిచ్చుటకు సంస్థను స్థాపించెను. 2020లో ఆ సంస్థ పక్షమున దివ్యాంగులు కాశ్మీరము నుండి కన్యాకుమారి వరకు సైకిళ్ళపై సాగిరి. ఒకని కాయకము పలువురకు దాసోహమైనది.

కర్నూలు సీమవారికి యాత్రికుని సేవించుట క్రొత్త గాదు. ఉగాదికి కన్నడ దేశము నుండి శ్రీశైలమునకు కాలినడకన వచ్చు భక్తులకు వారు నీరు, మజ్జిగ, అన్నము నొసగుచుందురు. కాని దాసోహము అన్నముతో ముగియదు. కాలులేని యువకునికి జాలితో రూపాయి వేయుట సులభము. కాయకము చూపుట కష్టము. మొదటిది అతనిని స్థావరముగ నిలుపును; రెండవది జంగమముగ నడిపించును.

కర్నూలు, కడప సీమలలో ప్రతి మఠము, ప్రతి గృహము ఒక్కనికైనను కృత్రిమపాదమో, చదువో, చేతిపనియో సమకూర్చవలెను. అతడు తానార్జించిన దానిలో మరొకనికి పెట్టిననాడు, కూలిన స్తంభము మరల నిలిచినట్లే.