పాచి గీకితే శీలం తప్పుతుందా?



పోయిన పౌర్ణమి నాడు వందన అయ్యాక ఒక కుర్రాడు నన్ను పక్కకి పిలిచాడు. ఈమధ్యే దీక్ష తీసుకున్నవాడు. ఇంట్లో అక్వేరియం పెట్టాడట. "సార్, ప్రాణం తియ్యనని శీలం తీసుకున్నాను గదా. తొట్టిలో మొద్దు మీద పాచి పట్టింది. అదీ ప్రాణమే గదా, గీకేస్తే తప్పవుతుందా?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. ఆ గీకే పని నేనూ చేశాను. చేసి ఆరు ప్రాణాలు తీశాను.

అక్వేరియం సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెబుతాను. ఇప్పుడు చాలామంది ప్లాస్టిక్ మొక్కలు మానేసి గాజు తొట్టిలో నిజం మొక్కలే పెంచుతున్నారు. వాటి మధ్య నీళ్ళలో నాని బరువెక్కిన కొయ్య మొద్దు ఒకటి పెడతారు. డ్రిఫ్ట్‌వుడ్ అంటారు దాన్ని. కొత్తలో దాని రంగు దిగి నీళ్ళు టీ డికాషన్‌లా అవుతాయి. ఆ మొద్దుకి జావా మాస్ అనే నాచుని నూలుదారంతో చుట్టి కడతారు. మాస్‌కి వేళ్ళుండవు. సన్నటి పోగులతో కొయ్యని పట్టుకుని, తనకి కావలసింది నీళ్ళలోంచే తీసుకుంటుంది. కొన్ని వారాలు పోతే ఇక దారంతో పని ఉండదు.

అదే మొద్దు మీద, ఎవరూ కట్టకుండానే, ఇంకో పచ్చదనం వస్తుంది. అది పాచి. ఒకచోట జిగటగా, ఒకచోట వెంట్రుకల్లాగా పెరిగి మాస్ ఆకుల మధ్యకీ దూరుతుంది. మాస్‌ని డబ్బిచ్చి కొంటాం, పాచిని గీకడానికి బ్రష్ కొంటాం. సైన్సు మాస్టారిని అడిగితే చెబుతారు, రెండింట్లో ఉన్నదీ ఒకే రకం పత్రహరితమని. నేల మీది మొక్కలన్నీ, మాస్‌తో సహా, కోట్ల ఏళ్ళ కిందట నీళ్ళలో ఉన్న పచ్చ పాచి వంశంలోంచే వచ్చాయి. మనం ముద్దుచేసేదానికి మనం గీకేది ముత్తాత వరస.

ఇక నా సంగతి. రెండడుగుల తొట్టి కొని పడమటి కిటికీ పక్కన పెట్టాను. చేపలు బాగా కనబడాలని పొద్దున్నే లైటు వేస్తే రాత్రి పడుకునేదాకా ఆర్పేవాణ్ణి కాదు. మనవరాలు గుర్తొచ్చినప్పుడల్లా మేత చల్లేది. నెల తిరక్కుండా మొద్దంతా పాచి. చుట్టాలొస్తున్నారని ఒక ఆదివారం మొద్దు బయటికి తీసి పీచు పెట్టి తోమాను. ఫిల్టరులోని స్పాంజి కూడా జిగురుగా ఉంటే, కుళాయి కింద పెట్టి తెల్లబడేదాకా పిండాను. తొట్టి అద్దంలా మెరిసింది. మూడు రోజుల్లో తొమ్మిది గప్పీ చేపల్లో ఆరు చచ్చి తేలాయి.

కారణం తర్వాత తెలిసింది. చేపలు విసర్జించే అమ్మోనియా వాటికే విషం. స్పాంజి జిగురులో ఉండే సూక్ష్మజీవులు దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత అంత హానిలేని నైట్రేట్‌గా మారుస్తాయి. కుళాయి నీళ్ళలోని క్లోరిన్‌తో వాటిని నేనే చంపుకున్నాను. పాచి కూడా అమ్మోనియాని పీల్చుకుంటుంది. దాన్నీ ఊడ్చేశాను. ఇంత చేసి, శుభ్రం చేశాననుకున్నాను.

శీలం తప్పినట్టా? చంపాలన్న తలంపు లేదు కాబట్టి తప్పలేదని సరిపెట్టుకోవచ్చు. గృహస్థుల పంచశీలలో మొక్కల ఊసు లేదు, మొక్కల్ని పాడుచేయకూడదన్న వినయ నియమం భిక్ఖువులకే గదా అని కూడా అనుకోవచ్చు. కానీ బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో అహింసని నియమంగా కాకుండా సూత్రంగా చూడమన్నారు. చంపవలసిన అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు అన్నారు. వినడానికి ఇది మనకి వెసులుబాటు ఇచ్చినట్టుంటుంది. నాకు మాత్రం నియమం కన్నా ఇదే కష్టమనిపిస్తుంది. నియమమైతే పాచి ప్రాణమో కాదో తేల్చుకుని పడుకోవచ్చు. సూత్రం అలా పడుకోనివ్వదు. నీకేం అవసరమొచ్చింది, ముందు కనుక్కున్నావా అని నిలదీస్తుంది. భిక్ఖువు దగ్గర ఉండే ఎనిమిది వస్తువుల్లో నీళ్ళు వడగట్టుకునే గుడ్డ ఒకటి. నీళ్ళలోని ప్రాణుల్ని చంపకూడదని మనసులో అనుకుంటే చాలదని, గుడ్డ చేతిలో ఉండాలని దాని అర్థం. నా చేతిలో గుడ్డ లేదు, పీచు ఉంది. చుట్టాల ముందు గొప్పగా కనబడాలన్న కోరిక ఉంది. దాన్ని అవసరమని ఎలా అనను?

చచ్చిన చేపల్ని కాగితంలో చుడుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది.

అమ్మ నాలుగిళ్ళలో పాచిపని చేసేది. ఆ మాటే చూడండి. పాచి పోగొట్టే పనికి పాచి పేరు పెట్టి, చేసే మనిషికి కూడా అంటించారు. ఒక ఇంటి పెరట్లో సిమెంటు తొట్టి ఉండేది, ఎండకి ఎదురుగా, మూత లేకుండా. వారానికోసారి ఖాళీ చేసి అమ్మని అందులోకి దింపేవాళ్ళు. కొబ్బరి పీచుతో, ఇటుక పొడితో అడుగూ గోడలూ తోమేది. తోమి పైకొచ్చి, తొట్టి నిండాక, అదే తొట్టిలో ఆమె చెంబు ముంచకూడదు. దాహమైతే దోసిలి పట్టాలి, ఎత్తునుంచి పోస్తారు. ఖాళీ తొట్టికి అంటని మైల నిండిన తొట్టికి ఎట్లా అంటుతుందో నా పదో ఏట అర్థం కాలేదు, అరవై దాటాకా అర్థం కాలేదు.

నాలుగు రోజులకి మళ్ళీ పాచి వచ్చేది. సరిగ్గా తోమలేదని అమ్మ మీద పడేవాళ్ళు. అమ్మది ఎప్పుడూ ఒకటే మాట: "ఎండ పడతా ఉంటే పాచి రాకేమవుద్దమ్మగారూ? ఓ రేకుముక్క మూతెయ్యండి." వెయ్యలేదు. అమ్మ చదువుకోలేదు, ప్రతీత్య సముత్పాదమనే మాట ఆమె చెవిన పడలేదు. కారణాన్ని తీయకుండా ఎంత తోమినా లాభం లేదన్న సంగతి ఆమె అరిగిపోయిన గోళ్ళకి తెలుసు.

నీళ్ళు, మైల అంటే మనందరికీ మహాడ్ గుర్తొస్తుంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో కలిసి చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ తర్వాత సవర్ణులు పాలు, పెరుగు, ఆవు పేడ, ఆవు మూత్రం నింపిన 108 కుండల్ని మంత్రాలతో ఆ నీళ్ళలో ముంచి, చెరువుని శుద్ధి చేశామన్నారు. అక్వేరియం పెట్టి చేతులు కాల్చుకున్నవాడిగా ఒక్కటి చెబుతాను. మనిషి దోసిలితో తాగితే చెరువుకి ఏమీ కాదు. పేడలో, మూత్రంలో నైట్రోజన్, ఫాస్ఫరస్ ఉంటాయి. పాచికి అది విందు భోజనం.

ఇక్కడో జాగ్రత్త. ఇలాంటి తొట్టినే చూపించి, "చూశారా, మాస్ చోటు మాస్‌ది, చేప చోటు చేపది, ఎవరి పని వాళ్ళు చేసుకుంటే లోకం చల్లగా ఉంటుంది" అని చెప్పేవాళ్ళున్నారు. నమ్మకండి. ఆ చోట్లు ప్రకృతి పంచినవి కావు, లైటు స్విచ్చి చేతిలో ఉన్నవాడు పంచినవి. మా ఇంట్లో వాణ్ణి నేనే. ఆ పెరటి తొట్టి యజమానులు చేసిందే నేనూ చేశాను. ఎండా, లైటూ, మేతా నా చేతిలోనే ఉంచుకుని, కంటికి కనబడ్డదాని మీద పీచు వేశాను.

కుర్రాడికి వారం తర్వాత చెప్పాను. లైటు రోజుకి ఏడు గంటలు దాటనివ్వకు. కిటికీకి పరదా కట్టు. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వెయ్యి. వారానికి పావు వంతు నీళ్ళు మార్చు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండు. ఇంత చేశాక కూడా మాస్‌కి వెలుతురు అందనంతగా పాచి కమ్మితే, అప్పుడు చేత్తో తీసెయ్యి.

"అంటే తప్పు కాదనేగా సార్?" అన్నాడు.

"ముందు పరదా కట్టు. నెల పోయాక అడుగు," అన్నాను.

మొన్న అమ్మ మా ఇంటికొచ్చింది. ఎనభై నాలుగేళ్ళు. మొద్దు మీద మాస్ ఇప్పుడు గుబురుగా పెరిగింది. వెనకవైపు కాస్త పాచి అలాగే వదిలేశాను, నత్త తింటుంది. అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది.

"దీన్నెవరు తోముతార్రా?" అంది.

"నేనేనమ్మా," అన్నాను.