మోసేవాడి నడుము

చచ్చినవాణ్ణి మొయ్యడానికి నలుగురు కావాలని మన పెద్దలు ఏనాడో తేల్చేశారు. ముగ్గురు చాలరు, ఇద్దరైతే బొత్తిగా చాలరు. మోసేందుకు నలుగురైనా దొరకని చావు అంటే మనవాళ్ళలో అంతకు మించిన శాపం లేదు. మరి బతికున్నవాణ్ణి మొయ్యడానికి ఎందరు కావాలి? ఈ ప్రశ్న నాకు తల నెరిసేదాకా తోచలేదు. తోచిన రాత్రి సంగతి చెబుతాను.

హనుమకొండలో మాది మేడ ఇల్లు. మేడంటే కళ్ళు పెద్దవి చేసుకోకండి. కింద వీధివైపు రెండు మడిగెలు, వెనక మేము, పైన మా అక్కయ్యా బావగారూ. కట్టించేటప్పుడు మడిగె ఒక్క అడుగు పెద్దదైతే అద్దె పెరుగుతుంది కదా అని, మేస్త్రీతో తగవుపడి మరీ మెట్లని గోడవారకి నొక్కించాను. రెండున్నర అడుగుల వెడల్పు, మధ్యలో ఒక మలుపు. ఆ అడుగు మిగిల్చినందుకు చాలాకాలం నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

పోయిన చలికాలంలో ఒక అర్ధరాత్రి బావగారికి ఆయాసం ఎక్కువైంది. ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చింది. దిగినవాళ్ళు ఇద్దరు. బండి నడిపే ఆయన ఒకరు, వైద్యం తెలిసిన కుర్రవాడొకడు. బావగారి బరువు 82 కిలోలు. (ఈ అంకె ఆయన కంటపడకుండా ఈ వారం పత్రిక దాచెయ్యాలి.) స్ట్రెచరు మలుపు దగ్గర తిరగనంది. చివరికి మా ప్లాస్టిక్ కుర్చీలో ఆయన్ని కూచోబెట్టి, దుప్పటితో కట్టి, ఒకరు కిందనుంచి వెనక్కి వెనక్కి దిగుతూ, ఒకరు పైనుంచి పట్టుకుంటూ వీధిలోకి చేర్చారు. నేనేం చేశానంటారా? "మెల్లగా, మెల్లగా" అన్నాను.

బండి ఎక్కించాక ఆ కుర్రవాడు ఒక్క క్షణం తలుపుకి ఆనుకుని నడుము మీద చెయ్యి వేసుకున్నాడు. కిందనుంచి మోసింది అతనే. మెట్ల మీద కిందివాడికే బరువెక్కువ.

"నడుం పట్టిందా నాయనా?" అంది మా ఆవిడ.

"అలవాటేనమ్మా" అన్నాడు.

పదకొండో రోజున బావగారు ఇంటికొచ్చారు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ ఆ రాత్రి కథ నేనే చెప్పేవాణ్ణి. "వాళ్ళు మనుషులు కారండీ, దేవుళ్ళు" అని ముగించేవాణ్ణి. ఐదోసారో ఆరోసారో చెబుతుంటే వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "దేవుళ్ళైతే నడుము నొప్పెందుకు వస్తుంది?" అని. నా ప్రసంగం అక్కడికి ఆగిపోయింది.

నిజమే మరి. దేవుళ్ళ నడుముల సంగతి వేరు. కూర్మావతారంలో మందర పర్వతం వీపు మీద గిరగిరా తిరుగుతుంటే స్వామికి ఎవరో గోకినట్టు హాయిగా ఉందని భాగవతం చెబుతుంది. హనుమంతుడు మందుమొక్క ఏదో తేల్చుకోలేక కొండనే ఎత్తుకొచ్చాడు. లక్ష్మణస్వామి లేచాడు, అందరూ సంతోషించారు. "నాయనా, నీ నడుమెలా ఉంది?" అని ఆంజనేయుణ్ణి ఎవరూ అడిగినట్టు నేను వినలేదు. అడగనక్కర్లేదు, ఆయన దేవుడు గనక. మనుషుల్ని దేవుళ్ళని చెయ్యడంలో ఉన్న సుఖం కూడా అదే కాబోలు. ఒకసారి దేవుడన్నాక ఇక నొప్పి సంగతి అడిగే పని ఉండదు.

మనిషి నడుము లెక్క అలా కాదు. వెన్నుపూసల కీలుకీ వెనకనుంచి లాగే కండరానికీ మధ్య దూరం సుమారు 5 సెంటీమీటర్లు. చేతుల్లో బరువు ఆ కీలుకి 50 సెంటీమీటర్ల ముందు ఉందనుకోండి, 20 కిలోల వస్తువుని నిలబెట్టడానికి కండరం 200 కిలోల లాగుడు లాగాలి. అదే బరువుని ఒంటికి ఆనించుకుంటే లాగుడు సగానికి సగం పైగా తగ్గిపోతుంది. నిండు బిందెని ఆడవాళ్ళు చంకకి ఎందుకు ఆనిస్తారో ఇక చెప్పనక్కర్లేదు. కాని రోగిని చంకకి ఎత్తుకోలేం కదా! మంచానికి గోడవైపు పడుకున్న మనిషిని అందుకోవాలంటే చేతులు చాచి వంగాల్సిందే.

ఈ విద్యకి ఎర్గనామిక్స్ అని పేరు. 1857లో యాస్త్రెంబోవ్‌స్కీ అనే పోలండు దేశపు శాస్త్రవేత్త పుట్టించిన మాట. పేరు నోరు తిరగదు గాని సంగతి తేలికే. పనికి తగ్గట్టు మనిషిని వంచకూడదు, మనిషికి తగ్గట్టు పనిని వంచాలి. అమెరికా ప్రభుత్వ సంస్థవాళ్ళు 1991లో ఒక సూత్రం కట్టి, అన్నీ అనుకూలంగా ఉన్నా చేతులతో ఎత్తే బరువు 23 కిలోలు దాటకూడదన్నారు. ఆ సంస్థ శాస్త్రవేత్తే ఒకాయన 2007లో రోగుల విషయానికి దాన్ని 16 కిలోలకి దించాడు. బస్తా కదలదు, రోగి కదులుతాడు, భయపడి పట్టుకుంటాడు. 16 ఎక్కడ, మా బావగారెక్కడ!

"వాళ్ళకి ఎత్తే పద్ధతి సరిగ్గా నేర్పితే సరిపోతుందండీ" అన్నారు మా మిత్రుడు ఒకాయన. నేనూ అదే అనుకున్నాను. పరిశోధనలన్నీ ముందేసుకుని చూసినవాళ్ళు 2011లో ఏమన్నారంటే, వంగే తీరు నేర్పినంత మాత్రాన నడుము నొప్పులు తగ్గినట్టు ఆధారం కనపడలేదని. పనికొచ్చేవి వేరే ఉన్నాయి. మెట్ల మీద పట్టాలతో జారుతూ దిగే కుర్చీ, బ్యాటరీతో పైకి లేచే స్ట్రెచరు, రోగిని ఎత్తకుండా పక్కకి జరిపే నున్నటి గుడ్డ. ఈ చివరిది అంత ఖరీదైనది కూడా కాదు.

మంటలార్పేవాళ్ళ సంగతీ ఇంతే. ఫైరింజనుకి తగిలించే 63 మిల్లీమీటర్ల గొట్టం 15 మీటర్ల ముక్క తీసుకోండి. అందులో నీళ్ళు నిండితే 47 లీటర్లు, అంటే నీళ్ళే 47 కిలోలు. దాన్ని భుజాన వేసుకుని మెట్లెక్కాలి. మనది పత్తి పండే జిల్లా. పత్తి బేలు అంటుకుంటే పైన మంట ఆరినా లోపల రగులుతూనే ఉంటుంది. ఒక్కొక్క బేలు 170 కిలోలు. వాటిని ఈడ్చి, విప్పి, తడపాలి. జనం చూడ్డానికి వచ్చేది మంటని, వాళ్ళ నడుము విరిగేది మంట ఆరాక. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది పోయారు. ఏటా ఆ రోజు తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. నడుము పట్టేసి వంగలేక రిటైరైనవాడికి మాత్రం తారీఖు లేదు.

తారీఖు ఎందుకు లేదంటే, అది ఒకనాడు జరిగేది కాదు గనక. చేంతాడు తెగిన రోజున, అప్పుడు నీళ్ళు తోడుతున్నవాణ్ణి తిడతాం. అంతకుముందు వెయ్యిసార్లు తోడి పోగులు అరగదీసినవాళ్ళం మనమందరం బిందెలు నింపుకుని హాయిగా ఇంటికి పోయాం. ఆ కుర్రవాడి నడుము ఏదో ఒకనాడు పట్టేస్తుందనుకోండి. ఆనాడు కుర్చీలో ఉన్న రోగి మా బావగారు కారు. మరి నాకు అందులో వాటా లేదా? ఉందనే నాకనిపిస్తోంది. ఎంతంటే చెప్పలేను, ఒక పోగు మాత్రం నాదే.

"ప్రాణం పోతుంటే నడుము గురించి ఆలోచిస్తామా?" అన్నారు మళ్ళీ ఆ మిత్రుడే. ఆలోచించం. ఆ రాత్రి తొందర నిజం. బావగారి ఆయాసం నిజం. కాని నేను మెట్లు కట్టించిన రోజున ఏ తొందరా లేదే! నీడపట్టున కూచుని, టీ తాగుతూ, టేపు పట్టుకుని కొలిచాను. ఆ తీరిక ఉన్న రోజున చెయ్యాల్సిన ఆలోచన చెయ్యకుండా, ఆ బరువంతా తొందరలో ఉన్నవాడి నడుము మీద పెట్టాను. పైగా దేవుడన్నాను.

పూర్వం పల్లెల్లో రోగిని మంచంతో సహా నలుగురు ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తేవారు. 2005 ఆగస్టు 15న అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 108 బండ్లు తిరగడం మొదలయ్యాక ఆ బాధ చాలా తప్పింది. ఎందరి ప్రాణాలో నిలిచాయి. కాని దూరాన్ని బండి మోస్తుంది గాని మెట్లని మొయ్యదు. మంచం పట్టే నలుగురు ఇద్దరయ్యారు, మేడలేమో పెరిగాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 34వ సెక్షను కింద, పనివాడికి హాని కలిగేంత బరువు ఎత్తించకూడదని రాసుకున్నారు. నా మెట్లు ఫ్యాక్టరీ కాదు.

మన పూర్వులకి ఈ సంగతి తెలియదనుకోకండి. 2021లో యునెస్కోవారు గుర్తించిన రామప్ప గుడి ఉందే, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది, దాని శిఖరానికి వాడినవి నీళ్ళలో తేలే ఇటుకలు. కింద స్తంభాలు ఎంతో అందమైనవి. అయినా స్తంభం గొప్పది, ఎంతైనా మోస్తుందని మీద రాళ్ళు పేర్చలేదు మహానుభావులు. మోసే స్తంభాన్ని తీర్చిదిద్దిన చేతులతోనే మీది బరువూ తగ్గించారు.

పోయిన వారం మేస్త్రీని పిలిపించాను. మెట్లు వెడల్పు చెయ్యాలంటే ఒక మడిగె పూర్తిగా పోతుందన్నాడు. "ఇప్పుడు అందరూ బాగానే ఉన్నారు కద సార్?" అని కూడా అడిగాడు. లెక్క రాసిన కాగితం నా బల్ల సొరుగులో ఉంది. రోజూ తీసి చూస్తున్నాను, మళ్ళీ పెడుతున్నాను. మడిగె అద్దె నెలనెలా వచ్చేది మరి.

బావగారి మంచం మాత్రం కిందికి దిగింది. ముందుగది ఆయనకి ఇచ్చేశాం. గాలి రాదని రెండ్రోజులు అలిగారు గాని, అక్కయ్య నచ్చజెప్పింది. పాతకాలపు టేకుమంచం, మలుపులో ఇరుక్కుంటుందని భయపడి పక్క సందులోంచి మనుషుల్ని పిలిచాం. నలుగురు వచ్చారు.