కదలలేని వాకిటికి కదలిపోవు దాసోహము

శ్రీ గురు బసవలింగాయ నమః

పన్నెండవ శతాబ్దమున కల్యాణనగరమందు బసవేశ్వరుడు స్థావరముకంటె జంగమమునకే పెద్దపీట వేసెను. రాతిగుడికంటె నడచు దేహమే శివునకు ప్రియమైన ఆలయమని ఆయన బోధ. అయితే ఆ నడచు గుడి వయసు మీరి నడువలేక మూలబడినపుడు దానికి దాసోహ మెక్కడ జరుగవలెను? మఠపు ముంగిట వడ్డించిన విస్తరి అచటికి రాగలవారికే అందును. రాలేనివారి ఆకలికి అది ఎంతో దూరము.

నెల్లూరు సముద్రతీరమున మైపాడు, ఇసకపల్లె, తుమ్మలపెంట మొదలగు గ్రామము లున్నవి. ఇట్టి ఊళ్లలో పడుచువారు చేపలవేటకో, రొయ్యల చెరువుల పనికో, చెన్నపట్టణపు కూలికో పోగా, ఇల్లు కనిపెట్టుకొని యుండు అవ్వలును తాతలును కొందరు మిగులుదురు. వార్ధక్యమున దప్పికను తెలియజేయు శక్తి సన్నగిల్లును. వేసవిలో సముద్రపు తేమగాలికి చెమట ఆరదు. చెమట ఆరనిదే ఒడలు చల్లబడదు. “ఇంత మజ్జిగ త్రాగుము” అనువారు లేని ఇంట ఇదియే ప్రాణాంతకము కాగలదు. రక్తపోటు మాత్ర మ్రింగితినో లేదో యను మరపు ఒకటి. శుక్లములు కమ్మిన కంటికి కానరాని గడప మరొకటి. జారిపడి తుంటియెముక విరిగినపుడు కేక వినువారు లేనిచో గాయముకంటె ఒంటరితనమే ముందు చంపును. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద తీరము దాటిన తుపానును, 2004 డిసెంబరు 26 నాటి సునామీని ఈ తీర మెరుగును. అట్టి గడియలలో కాళ్లున్నవారు పరుగెత్తుదురు. మంచము దిగలేనివారికి మరొకరి చేయి కావలెను.

ప్రభుత్వము ఊరకుండలేదు. తల్లిదండ్రులను పోషింపని సంతానమును బాధ్యులను జేయు చట్టము 2007లో వచ్చినది. వృద్ధుల ఆరోగ్యమునకై జాతీయ కార్యక్రమము 2010-11లో ఆరంభమైనది. 14567 అను సంఖ్యకు ఫోను చేసినచో సాయము చెప్పువారున్నారు. ఆంధ్రప్రదేశమున 2024 నుండి నెలకు 4,000 రూపాయల వృద్ధాప్యపు పింఛను సచివాలయ సిబ్బంది ఇంటికే తెచ్చి యిచ్చుచున్నారు. ఇవి స్వల్పములు కావు. కాని పింఛను తెచ్చినవారు తలుపు తట్టునది నెల కొక్క దినము. తక్కిన దినములందు తట్టు వారెవరు? చట్టము కొడుకు చేత సొమ్ము ఇప్పించగలదు. ఆ సొమ్ముతో కొన్న గంజిని నోటి కందించు చేతిని ఇప్పింపజాలదు.

ఆ చేతిని ఇరుగుపొరుగే ఇవ్వవలెనని కేరళ నేర్పినది. 1993లో కోళిక్కోడు వైద్యకళాశాలలో తీరని రోగుల బాధానివారణకై యొక సంఘ మేర్పడినది. అటుపిమ్మట నర్సులతోపాటు ఊరివారే శిక్షణపొంది, మంచము పట్టినవారి ఇండ్లకు పోవుట అలవడినది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వము దానిని తన విధానముగా చేసికొన్నది. సంపన్నదేశమగు బ్రిటనుసైతము 2018లో ఒంటరితనమును నివారించుట కొక మంత్రిని నియమించుకొనవలసి వచ్చినది. ధన మున్నచోటను తలుపు తట్టువారి కొరత తీరలేదన్నమాట.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున బెజ్జమహాదేవి కథ చెప్పినాడు. శివునకు తల్లి లేదే యని ఆమె వగచినది. తల్లియే యుండిన విషము త్రాగనిచ్చునా, వల్లకాట నుండనిచ్చునా యని తలపోసి, తానే తల్లియై లింగమును శిశువువలె సాకినది. బిడ్డ పాలు ముట్టకుండుట చూచి, ఏమి రోగమోయని తల్లడిల్లినది. తిండి మానినాడని గమనించుటయే వైద్యమునకు మొదటి మెట్టు. ఒంటరివాని ఇంట లేనిది ఆ గమనించు కన్నే. దిక్కులేనివానిని చూచి తానే దిక్కగుట ఆ తల్లి భక్తి.

కావున ప్రతి మఠమును తన చుట్టునున్న ఒంటరి వృద్ధుల పేర్లు వ్రాసి యుంచుకొనవలెను. ప్రతి శరణకుటుంబమును ఒక్క వాకిటి భారము వహింపవలెను. సోమవార మొక్కటియైనను ఆ గడప త్రొక్కి, కుండలో నీ రున్నదా, గిన్నెలో అన్న మున్నదా, మాత్రలు తరిగినవా, పాదములందు పుండ్లున్నవా యని చూడవలెను. నిన్న బాగుగా మాటాడినవారు నేడు తడబడినచో “ముసలితన” మని విడువరాదు. జ్వరము లేకున్నను లోపల రోగ ముండవచ్చును. వెంటనే ఆశాకార్యకర్తకు తెలుపవలెను, ఆపద యైనచో 108 పిలువవలెను. ఆ వాకిట కుల మడుగరాదు. జాలి చూపరాదు, వారు చెప్పునది వినవలెను. వల యల్లుటయో, విత్తన మేరుటయో, వారికి చేతనైన కాయకమును వారిచేత మాన్పింపరాదు.

ఇష్టలింగమును అరచేత నుంచుకొని పట్టణమున పూజించువాని కన్నతల్లియే పల్లెలో చీకటియింట ఒంటరిగా నున్నచో, ఆ పూజ ఎవరిని చేరును? ఈ ప్రశ్నను ప్రతి యింటను పూజకు ముందే వేసికొనవలెను. జంగమ మన కదలునది. వృద్ధుడు కదలలేనినాడు కదలవలసినవాడు భక్తుడే.