రాజముద్రయు నాబోతు ద్రాక్షతోటయు



సత్యము ఏ జాతివారి గ్రంథమునందు గనబడినను అది పరమేశ్వరునిదే యని నమ్మినవారము మనము. రాజా రామమోహనరాయలు 1820వ సంవత్సరమున యేసు బోధలను సంకలనముచేసి ప్రకటించుట యీ విశ్వాసముచేతనే. కావున నేటి యుపాసనయందు యూదుల ప్రాచీనగ్రంథమునుండి యొక చరిత్రమును మీ యెదుట నుంచి, ప్రభువునకును ప్రజకును గల సంబంధమును గూర్చి అది యేమి బోధించుచున్నదో విచారింపదలచితిని.

ఈ చరిత్రము రాజుల మొదటి గ్రంథము 21వ అధ్యాయమున నున్నది. క్రీస్తునకు పూర్వము తొమ్మిదవ శతాబ్దమున అహాబు షోమ్రోను రాజధానిగా ఇశ్రాయేలు నేలుచుండెను. యెజ్రెయేలు పట్టణమున అతని నగరు ప్రక్కను నాబోతు అను గృహస్థున కొక ద్రాక్షతోట యుండెను. రాజు దానిని కూరతోటగా జేసికొనగోరి, బదులుగా అంతకంటె మంచితోటనైనను, తగిన వెలనైనను ఇత్తునని యడిగెను. పిత్రార్జితమును విడుచుట దైవసమ్మతము కాదని చెప్పి నాబోతు ఒల్లననెను.

ఇది మొండితనము కాదు. భూమి యీశ్వరునిది, మనుష్యులందు తాత్కాలికముగా కాపురముండు పరదేశులు, కావున దానిని శాశ్వతముగా విక్రయింపరాదని లేవీయకాండము 25వ అధ్యాయము శాసించుచున్నది. నాబోతు రాజును ధిక్కరింపలేదు. రాజునకును పైనున్న శాసనమును జూపెను. అహాబునకును అది తెలియును. కనుకనే బలాత్కారమునకు బూనక, ఇంటికి బోయి, మంచముపై బండుకొని, మొగము ద్రిప్పుకొని, అన్నము మానెను. రాజు అడిగి, లేదనిపించుకొని, అలుకతో దృప్తిపడవలసి వచ్చెను! ఒక రాజ్యమున ధర్మము సింహాసనముకంటె నెత్తుగా నుండెననుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

రాణి యెజెబెలు సీదోనురాజు కూతురు. ఆమెకీ మర్యాద వింతగా దోచెను. ఆమె రాజు పేర జాబులు వ్రాసి, రాజముద్ర వేసి, నాబోతు ఊరి పెద్దలకును ప్రముఖులకును బంపెను. ఉపవాసదినము చాటింపవలెను, నాబోతును జనుల యెదుట గూర్చుండబెట్టవలెను, అతడు దైవమును రాజును దూషించెనని చెప్పుటకు ఇద్దరు దుష్టులను నిలువవలెను, పిమ్మట అతనిని రాళ్లతో గొట్టి చంపవలెను. ఇదియే జాబులలోని విషయము. అట్లే జరిగెను. రాజు తోటను స్వాధీనపరచుకొన బయలుదేరెను.

న్యాయస్థానములలో జీవితము గడుపువాడ నగుటచే నన్ను మిక్కిలి కలవరపరచునది యొకటి గలదు. ఇందు పైకి గనబడు లోపమేదియు లేదు. మరణశిక్షకు ఒక్కని సాక్ష్యము చాలదని ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది, ఇద్దరు సాక్షులుండిరి. విచారణ బహిరంగముగా జరిగెను. పెద్దలు కూర్చుండిరి. రికార్డును మాత్రమే చూచు అప్పీలు న్యాయాధిపతికి ఇందు దప్పు దొరకదు.

ఈ పాప మెవరిది? ఏలీయా ప్రవక్త ఆ తోటలోనే రాజు నెదుర్కొని, హత్యను అపహరణమును రెంటిని అతనిమీదనే మోపెను. జాబు వ్రాయకున్నను, రాయి విసరకున్నను, రాజు తన ముద్రకు ఉత్తరవాది. ఇది ప్రభువులకు బాఠము. కాని పెద్దలు జాబులలో వ్రాసియున్నట్లే చేసిరని గ్రంథకర్త స్పష్టముగా జెప్పుచున్నాడు. వారు నాబోతు ఊరివారే. సాక్షులు అబద్ధికులని వారెరుగుదురు. కుదిర్చినది తామే గదా! ఒక్కడైనను జాబును ద్రిప్పిపంపలేదు. యెజెబెలు ఒక్క రాయినైన నెత్తలేదు. ఎత్తినవి ప్రజల చేతులు.

రాజాజ్ఞ గదా, మేమేమి చేయగలమని వారనవచ్చును. ఐగుప్తురాజు హెబ్రీయుల మగశిశువులను బుట్టగనే చంపుడని యాజ్ఞాపింపగా, షిఫ్రా, పూయా యను ఇద్దరు మంత్రసానులు దైవభీతిచే ఆ పని చేయరైరి, శిశువులు బ్రదికిరి. సౌలురాజు యాజకులను వధింపుడని భటుల కానతియ్యగా వారు చేయి యెత్తనొల్లరైరి. అప్పుడు దోయేగు అనువాడు ముందుకు వచ్చి 85 మంది యాజకులను జంపెను. భటుల నిరాకరణము యాజకులను గాపాడలేదు. అయినను ఆ రక్తము భటుల చేతుల కంటలేదు. ఫలము మన యధీనమున లేదు. చేయి మన యధీనమున నున్నది.

సోదరులారా! మంత్రసానులును భటులును చేయగలిగినదానిని ఆస్తిమంతులును గౌరవనీయులును నగు పెద్దలు చేయలేకపోయిరి. వృత్తియందు బ్రవేశించిన క్రొత్తలో నేనొక గొప్ప భూస్వామి పక్షమున ఒక చిన్నరైతుమీద వ్యాజ్యము నడిపితిని. దస్తావేజు సక్రమముగా నుండెను. సాక్షులిద్దరును పాఠ మొప్పజెప్పినట్లు ఒకే మాట చెప్పిరి. అందుకు నేను శంకింపవలసినది, సంతోషించితిని. డిక్రీ వచ్చెను, భూమి పోయెను. నన్నెవ్వరును నిర్బంధింపలేదు, రాజముద్రగల జాబును రాలేదు. ఈ యధ్యాయమును జదివినప్పుడెల్ల నేను పెద్దల వరుసలో నా పీఠమును జూచుచుందును.

నిరాకరణమనగా తిరుగుబాటు కాదు. 1823వ సంవత్సరమున పత్రికలకు ప్రభుత్వము లైసెన్సు విధించినప్పుడు రామమోహనరాయలు కత్తి పట్టలేదు. తన పారసీక పత్రికయగు మిరాత్-ఉల్-అఖ్బారును నిలిపివేసెను. న్యాయస్థానమునకును, పిమ్మట ఇంగ్లండు రాజునకును విన్నపములు పంపెను. విన్నపములు ఫలింపలేదు, కాని ఆయన చేయి ఆ శాసనమునకు దోడుపడలేదు.

ఈ చరిత్రమునకు శేషము గలదు. అహాబు మరణించిన కొన్ని యేండ్లకు యెహూ రాజ్యము నాక్రమించి షోమ్రోనులోని పెద్దలకు జాబులు వ్రాసెను. ఈసారి యడిగినది అహాబు కుమారులు 70 మంది తలలు. అట్టి పెద్దలే మరల జాబులోనున్నట్లు చేసిరి. తలలు గంపలలో యెజ్రెయేలు చేరెను. అంతరాత్మను విడిచి లోబడుటకు ప్రజలను మరపిన ప్రభువునకు ఆ లోబాటే యొకనాడు శత్రువగును. నాబోతువలె కాదనగల ప్రజయే రాజునకు నిజమైన కాపు.

అహాబైనను ఏలీయా మాట విని బట్టలు చింపుకొని, గోనె గట్టి, ఉపవసించెను. ఈశ్వరుడా పశ్చాత్తాపమును గైకొని శిక్షను వాయిదా వేసెను. యెజ్రెయేలు పెద్దలు పశ్చాత్తాపపడినట్లు మాత్రము గ్రంథమున నెక్కడను లేదు. మనమా కొరతను దీర్తము గాక.

సర్వాంతర్యామీ! ఏ ముద్ర వేసిన జాబు మా చేతికి వచ్చినను, దాని క్రింద నీ శాసనమును జదువు చూపు మాకు ననుగ్రహింపుము. కాదనవలసినచోట కాదను ధైర్యమును, చేసిన తప్పును నొప్పుకొను వినయమును మాకు బ్రసాదింపుము.