ఆపరేషన్ తరువాత కరెంటు పెట్టించుకొనుట అవిశ్వాసమా?



మా సంఘములో 52 ఏళ్ల సహోదరికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషను జరిగినది. రొమ్మును నిలిపి గడ్డను మాత్రమే తీసిరి. ఆమె ఇంటికి వచ్చి, కృతజ్ఞతార్పణ చెల్లించి, సంఘములో సాక్ష్యమిచ్చినది. పిమ్మట డాక్టర్లు రేడియేషన్, అనగా మనవారు కరెంటు పెట్టుట అనునది, చేయించుకొమ్మనిరి. "అయ్యా, దేవుడు బాగుచేసెనని అందరి యెదుట చెప్పితిని. ఇప్పుడు దీనికి వెళ్లితే నా సాక్ష్యము అబద్ధము కాదా?" అని ఆమె అడిగినది.

పెద్దలమైన మేము తొందరపడి, "నమ్మికయుంచమ్మా, అదే చాలును" అంటిమి. డాక్టరుగారు ఏమి చెప్పిరో అడుగనైన లేదు. ఇంటికి చేరిన తరువాత ఆ మాట మమ్మును నిద్రపోనీయలేదు.

హిజ్కియా రాజు మరణకరమైన రోగములో కన్నీటితో ప్రార్థించెను. దేవుడు ఆలకించి 15 సంవత్సరముల ఆయుష్షును వాగ్దానము చేసెను. ఆ వాగ్దానము వచ్చిన పిమ్మటనే యెషయా పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయించెను. రాజు ఆ వైద్యమును త్రోసివేయలేదు.

కత్తికి అందని, కంటికి కనబడని క్యాన్సర్ కణములు మిగిలియుండవచ్చును. వాటికొరకే ఈ కిరణములు. గడ్డను మాత్రమే తీయించుకొన్న 10,801 మంది స్త్రీల వివరములను కూర్చి 2011లో ప్రకటించిరి. కిరణ చికిత్సవలన 10 ఏళ్లలో వ్యాధి తిరిగివచ్చుట నూటికి 35 నుండి 19కి, 15 ఏళ్లలో ఆ వ్యాధితో మరణించుట 25 నుండి 21కి తగ్గినది.

అయితే అందరికి ఒకే లెక్క కాదు. 65 ఏళ్లు నిండి, గడ్డ చిన్నదై, చంకలోనికి ప్రాకక, హార్మోను మాత్రలు వాడుచున్నవారిని గూర్చిన పరిశోధన 2023లో వెలువడినది. కిరణములు వద్దనుకొన్నవారిలో 10 ఏళ్లలో నూటికి 9 లేక 10 మందికి అదే రొమ్ములో తిరిగివచ్చెను. తీసికొన్నవారిలో ఒకరికి మాత్రమే. కాని ఆయుష్షులో తేడా కనబడలేదు. అట్టివారు డాక్టరుతో మాట్లాడి, అలసటను, చర్మము కమలుటను, ప్రయాణమును తలంచి వద్దనుకొన్నను పాపము కాదు. సంఘము ఏమనుకొనునో అని మానుట మాత్రము విశ్వాసము కాదు, మనుష్యుల భయమే. ఆ భయమును ఆమెలో పుట్టించినది మేమే.

మరునాడు వెళ్లి, మా మాటను క్షమించుమని ఆమెను వేడుకొంటిమి. ఆమె తన సందేహములన్నియు డాక్టరుగారిని అడిగి, తానే నిర్ణయించుకొని, చికిత్సకు ఒప్పుకొన్నది. మూడు వారములు స్త్రీల సమాజమువారు వంతులవారీగా ఆమెతో బస్సులో వెళ్లిరి. ప్రియులారా, మీ సంఘములో ఇట్టి ప్రశ్న వచ్చినయెడల, జవాబు చెప్పకముందు ఆమె చెప్పునది పూర్తిగా వినుడి. ఆమె ఏది నిర్ణయించుకొన్నను ఆమెతోకూడ నడువుడి.