అభ్యాసం నిర్దోషమా?

శత్రువే లేని నౌకావిన్యాసంలో హింస ఎక్కడున్నదని కొందరు అడుగుతారు. హవాయి దీవుల్లోని కహొలావే దీనికి జవాబు. 1941 నుంచి 1990 దాకా అమెరికా సైన్యం యీ దీవిని గురిగా పెట్టుకొని బాంబులు కురిపించింది. 1971లో మొదలైన రిమ్‌పాక్ విన్యాసాల్లో మిత్రదేశాల ఫిరంగులూ దీనిపై పేలాయి. అది శత్రుభూమి కాదు. హవాయి మూలవాసులకు పుణ్యభూమి. శత్రువు కల్పితుడే, గాయం మాత్రం వాస్తవం.

ఆత్మరక్షణకు అభ్యాసం అవసరమనే వాదాన్ని నేను తేలిగ్గా తోసివేయను. కాని రక్షణ ఎవరికి, మూల్యం ఎవరిది? మూల్యం చెల్లించేవారి సమ్మతి లేని రక్షణ, నా దృష్టిలో, దౌర్జన్యమే. 1976లో నిషేధాన్ని ధిక్కరించి ఆ దీవిపై కాలుమోపిన నిరసనకారులు కోరింది యీ న్యాయాన్నే. బాంబులు ఆగినా, పేలని గుండ్లు నేటికీ ఆ మట్టిలో ఉన్నాయి. మిత్రదేశాల ఐక్యతను కొలిచేవారు యీ లెక్క కూడా చూడాలి.