గట్టు ఎవరిది?

నీ పొలము వాగునకు ఆనుకొని యున్నదనుకొనుము. పట్టా నీ పేర నున్నది, పెట్టుబడి నీది. హద్దు దాటకుండ నీటి అంచువరకు నాగలి పోనిచ్చి రెండు సాళ్లు ఎక్కువ వేసికొంటివి. ఇందులో దోషమేమున్నది?

తొలకరి వానను చూడుము. గట్టున తుంగ, వట్టివేరు, కానుగ ఉన్నచో, పొలమునుండి పరుగెత్తు నీరు వాటి మొదళ్లయొద్ద నెమ్మదించి మట్టిని అక్కడనే విడుచును. ఎరువులో కొంత వాటి వేళ్లు పీల్చుకొనును. వట్టివేరు 2, 3 మీటర్ల లోతునకు నిలువుగా దిగి మట్టిని పట్టియుంచును. అవన్నియు పోయిన గట్టు విరిగి వాగులో పడును. నీ మట్టి, నీవు చల్లిన యూరియా క్రింది ఊరి చెరువునకు చేరును. చెరువు పూడును, ఎరువు తిన్న గుర్రపుడెక్క దానిని కప్పును. ఆ చెరువు క్రింద నారు పోసికొనువాడు నీ ముఖమైనను ఎరుగడు.

2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ అను పేర చెరువుల పూడిక తీయింప మొదలిడిరి. మంచి పనియే. గాని పైన వాగుగట్లు బోడిగా నున్నంతకాలము తీసిన మట్టి మరల వచ్చుచునే యుండును. పూడిక తీయుట పదిమంది చూచు పని. గడ్డిని దున్నక విడుచుట ఎవరికిని కనబడదు.

పొలపు అంచులను పూర్తిగా కోయక బీదలకు విడువవలెనను నియమము లేవీయకాండము 19వ అధ్యాయములో కలదు. అది పంటను గూర్చినదే గాని వాగును గూర్చినది కాదని నీవనవచ్చును. నిజమే. అయినను మన సొత్తునకు ఒక అంచు ఉన్నదనియు, ఆ అంచున మనమెరుగని యొకడు నిలిచియున్నాడనియు తలంపు అందులో లేదా?

అయితే రెండెకరముల రైతును చూచి, సాళ్లు వదలుకొమ్మని సెంటు భూమి లేనివాడు బోధించుట సులభము. అది నాకు సమ్మతము కాదు. లాభము క్రింది ఊరివారిది గనుక, వారును వచ్చి మొక్కలు నాటి, కంప కట్టి, మొదటి రెండేండ్లు మేకలనుండి కాయుట న్యాయము. పైవాడు నేల విడుచును, క్రిందివాడు చాకిరి చేయును.

మృగశిర కార్తె వానలకు నాటవచ్చును: నీటి అంచున తుంగ, దానిపైన వట్టివేరు, ఆపైన కానుగ, ఏరుమద్ది, నేరేడు. త్వరగా పెరుగునని సర్కారు తుమ్మను తేవద్దు. అది అమెరికా ఖండమునుండి వచ్చినది. పాతుకొన్నచో ప్రక్క మొక్కను బ్రదుకనియ్యదు. చెరువు కట్టమీద మాత్రము ఏ పెద్ద చెట్టును వద్దు. అది చచ్చినప్పుడు వేళ్లు కుళ్లి, కట్టలో బొరియలు పడి, నీరు కారును.